ఇంటిపేరు పట్టుకుని నార్వే వెళ్ళకండి

మా అమ్మాయి పెళ్ళి ఇక్కడే చెన్నైలో, పెరంబూరులో చేశాం. అల్లుడిది అమెరికాలోని మిన్నెసోటా. కన్యాదానం ముందు పురోహితులవారు ప్రవర చెప్పడానికి వరుడి తండ్రి, తాత, ముత్తాత పేర్లు రాసిమ్మన్నారు. అబ్బాయి రెండు పేర్లు రాసి, పెన్ను పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. వాళ్ళ తాతకు తాత నార్వే నుంచి వచ్చాడట, ఇంటిపేరు హౌగెన్, అంతకుమించి ఎవరికీ తెలియదట. నేను బ్యాంకులో రిటైరైనదాన్ని, చేతిలో బోలెడు టైము. ఆ ఖాళీ గీత నా తలలో ఉండిపోయింది. రెండేళ్ళు పట్టింది గానీ చివరికి ఆ తాతకు తాత దొరికాడు. నార్వే మూలాలున్న అల్లుడో కోడలో మీ ఇంటికీ వచ్చి ఉంటే, నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఇంటిపేరు సంగతి తేల్చుకోవాలి. మా ఎదురింటి తమిళవాళ్ళకి ఇంటిపేరు లేదు, తండ్రి పేరే ఇనీషియల్. తరం మారితే ఇనీషియల్ మారుతుంది. పాత నార్వే పల్లెల్లో అచ్చం ఇదే పద్ధతి. ఓలె కొడుకు హాన్స్ అయితే హాన్స్ ఓల్సెన్, కూతురు అన్నె అయితే అన్నె ఓల్స్‌డాటర్. ఆ హాన్స్‌కి కొడుకు పుడితే వాడు హాన్సెన్. వీటి వెనక పొలం పేరు తగిలిస్తారు. అది మన ఇంటిపేరులాగే కనిపిస్తుంది కానీ కాదు, అది చిరునామా. మనవాళ్ళు ఊరు వదిలేసినా ఊరిపేరు ఇంటిపేరుగా వెంటే వస్తుంది. వాళ్ళు మాత్రం పొలం మారితే పేరూ మార్చేసేవారు. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది 1923లో. పైగా హౌగెన్ అంటే దిబ్బ. మన దగ్గర కొత్తపల్లి ఎన్ని ఉన్నాయో అక్కడ హౌగెన్‌లు అన్ని ఉన్నాయి. నేను మొదటి వారమంతా ఆ పేరు కొట్టి, వేలమందిని చూసి, కంప్యూటర్ మూసేశాను.

కాబట్టి వెతకాల్సింది పేరు కాదు, ఊరు. అక్కడివాళ్ళ లెక్కలో ఊరంటే చర్చి పరిధి. ఆ ఊరు నార్వేలో దొరకదు, అమెరికాలోనే దొరకాలి. సమాధి రాయి, పాత పేపర్లో వచ్చిన మరణ వార్త, పౌరసత్వం కాగితాలు, ఫొటోల వెనక రాతలు, అన్నీ చూడమనండి. అమెరికా 1900 జనాభా లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం, వలస వచ్చిన సంవత్సరం కూడా ఉంటాయి. (1890 లెక్కలు దాదాపు అన్నీ అగ్నిప్రమాదంలో పోయాయి, వాటి కోసం తంటాలు పడకండి.) మాకు మాత్రం పని చేసింది లూథరన్ చర్చి రిజిస్టరు. వియ్యపురాలు కారేసుకుని వాళ్ళ పాత ఊరి చర్చికి వెళ్ళి, ఒక పేజీ ఫొటో తీసి పంపారు. పాస్టరుగారు పుట్టిన తేదీ పక్కన రింగెబు అని రాశారు. గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ లోయలోని ఊరది. ఆ ఒక్క మాటతో తాళం తెరుచుకుంది.

ఇక నార్వే జాతీయ ఆర్కైవ్స్‌వాళ్ళ డిజిటల్‌ఆర్కివెట్ అనే వెబ్‌సైటుకి వెళ్ళండి. పైసా ఖర్చు లేదు. 1801, 1865, 1875, 1900, 1910 జనాభా లెక్కలు పేరు కొట్టి వెతకొచ్చు. నూరేళ్ళు నిండాక బయటపెడతారు కాబట్టి 1920వి 2020 చివర్లో వచ్చాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, సొంత పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు మాత్రమే ఇవ్వండి. స్పెల్లింగు గురించి పట్టుదల వద్దు: కె ఉన్నచోట సి ఉండొచ్చు, పేడెర్ కాస్తా పేర్ కావచ్చు. 1865 లెక్కల్లో ఒక ముచ్చట ఏమిటంటే మనుషులతోపాటు పశువులనీ, చల్లిన విత్తనాలనీ కూడా రాశారు. మావాళ్ళకి రెండు ఆవులు, ఆరు గొర్రెలు. తండ్రి పేరు పక్కన హుస్‌మన్ అని ఉంది. అంటే సొంత భూమి లేక, ఇంకొకరి పొలంలో పాక వేసుకుని, దాని అద్దె పని చేసి తీర్చేవాడు. అమెరికా ఎందుకు వెళ్ళారో ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

తరువాత చర్చి పుస్తకాలు. అసలు ఖజానా ఇదే, అసలు తలనొప్పీ ఇదే. గోథిక్ అనే పాతకాలపు చేతిరాత. మా నాన్న నెల్లూరులో దస్తావేజులు రాసేవారు. ఆయన గొలుసుకట్టు రాత చదివి పెరిగినదాన్ని, నాకిదొక లెక్కా అనుకున్నాను. లెక్కే! ఇ అక్షరం ఎన్ లాగా ఉంటుంది, యు మీద చిన్న కొక్కెం పెడతారు. చదవడానికి కూర్చోకండి, ముందు దించుకోండి. నేను ఒకే ఫాదరీ రాసిన పేజీలు తెరిచి ఓలె, అన్నె, మారిట్ లాంటి తెలిసిన పేర్లని ఆయన ఎలా రాశాడో నోటుబుక్కులో ముగ్గులా వేసుకున్నాను. పదిహేను రోజులకి కన్ను పట్టుకుంది. 1820 నాటికి అచ్చు గడులున్న ఫారాలు వచ్చాయి, కాస్త నయం. బాప్తిస్మాల్లో మగపిల్లలు, ఆడపిల్లలు వేరు వేరు పేజీల్లో ఉంటారు. సాక్షుల పేర్లు వదలకండి, వాళ్ళు సాధారణంగా మేనత్తలో, మేనమామలో అవుతారు, పక్కనే పొలం పేరుంటుంది. పద్నాలుగు పదిహేనేళ్ళకి పిల్లలు చర్చిలో తమ విశ్వాసాన్ని ప్రకటించే వేడుక, కన్ఫర్మేషన్, దాని పేజీలో మశూచి టీకా వేయించుకున్న తేదీ కూడా కనిపిస్తుంది. 1810 నుంచి అది లేకపోతే కన్ఫర్మేషనూ లేదు, పెళ్ళీ లేదు.

నేను బోల్తా పడింది ఇక్కడే. తల్లిదండ్రుల పేర్లు, పొలం, పిల్లవాడి పేరు అన్నీ కలిసిన బాప్తిస్మం 1851లో దొరికింది. అమెరికా లెక్కల్లో 1853 అని ఉంది. సరేలే, ఆ రోజుల్లో వయసు ఎవరు సరిగ్గా చెప్పారు అనుకుని అమ్మాయికి ఫోన్ చేసి గొప్పలు కూడా పోయాను. రెండు నెలల తర్వాత, ఒక తెల్లవారుజామున కాఫీ తాగుతూ ఊరికే ఖననాల పేజీలు తిప్పుతుంటే అదే పేరు, అదే పొలం, వయసు గడిలో మూడు నెలలు. ఆ పసివాడు పోయాడు. 1853లో పుట్టినవాడికి మళ్ళీ అదే పేరు పెట్టారు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం వాళ్ళకీ ఆనవాయితీ, తాత పేరు నిలబడాలి కదా. కాబట్టి బాప్తిస్మం దొరకగానే సంబరపడకుండా, తరువాతి రెండు మూడేళ్ళ ఖననాలు చూడండి.

ఓడ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊరు వదిలినవాళ్ళ జాబితా చర్చి పుస్తకంలోనే ఉంటుంది. రేవుల్లో పోలీసుల వలస రిజిస్టర్లు క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, 1867 నుంచి, బెర్గెన్‌లో 1874 నుంచి ఉన్నాయి. మావాడు 1873లో క్రిస్టియానియా జాబితాలో ఉన్నాడు. ఎల్లిస్ ద్వీపంలో వెతకకండి, అది తెరిచిందే 1892లో. అక్కడి గుమాస్తాలు పేర్లు మార్చేశారన్న కథ కూడా నమ్మకండి. 1850ల్లో బయల్దేరినవాళ్ళయితే చాలావరకు కెనడాలోని క్విబెక్‌లో దిగారు.

ఊరు, పొలం ఖాయమయ్యాక బిగ్దెబూక్ అడగండి. పొలంవారీగా అక్కడ కాపురమున్న కుటుంబాల చరిత్ర రాసిన పుస్తకాలివి. మెకంజీ దొర సేకరించిన మన ఊళ్ళ చరిత్రలు, ఆ కైఫియత్తుల్లాంటివి అనుకున్నాను, కానీ ఇవి ఇంటింటికీ వెళతాయి. గ్రాండ్ ఫోర్క్స్‌లోని నార్త్ డకోటా యూనివర్సిటీ లైబ్రరీలో చాలా ఉన్నాయి. అయితే అందులో రాసింది కూడా చర్చి పుస్తకంతో సరిచూసుకోవాలి.

ఒక విషయంలో మాత్రం వాళ్ళని చూసి నాకు అసూయ. పెళ్ళయినా ఆడవాళ్ళు తండ్రి పేరే ఉంచుకునేవారు, అందుకని అమ్మమ్మల వరసలు మగవాళ్ళ వరసలంత సులువుగా వెనక్కి వెళతాయి. తాతకు తాత తల్లి మారిట్, ఆవిడ తల్లి, ఆవిడ తల్లి, అలా 1801 లెక్కల దాకా వెళ్ళాను. మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటని నిన్న అమ్మాయి అడిగింది. నెల్లూరులో మా పెద్దత్తకి ఫోన్ చేయాలి.