విదేశంలో ఉంటూ ఒక రోజు ఇంటింటి పరిచర్య చేయడం ఎలా?

వేరే భాష మాట్లాడే దేశంలో ఉద్యోగమో చదువో చూసుకుంటూ, సెలవు రోజున సొంత ఖర్చుతో, జీతం ఆశించకుండా పరిచర్యకు, అంటే ఇంటింటికీ వెళ్లి బైబిలు గురించి మాట్లాడటానికి, బయలుదేరే యెహోవాసాక్షులు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమందికి లేఖనాలు బాగా తెలుసు, ఉత్సాహానికీ కొదవ లేదు. అయినా తలుపు తెరుచుకున్న మొదటి నిమిషంలోనే పని చెడగొట్టుకుని, అక్కడి జనం వినే రకం కాదని తీర్మానించుకుని ఇంటిదారి పడతారు. తప్పు జనంలో లేదు, ఆ నిమిషంలో ఉంది. దానిని ఎలా గడపాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మిగతా పనులు తేలికైనవి కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. ఇంటింటికీ వెళ్లే ఇతర సంఘాలవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

1. ముందుగా చట్టం తెలుసుకోండి

స్థానికుడికి ఉన్న స్వేచ్ఛ పరాయి దేశస్థుడికి కూడా ఉంటుందని అనుకోకూడదు. చైనా 1994లో విదేశీయుల మత కార్యకలాపాల కోసం ప్రత్యేక నిబంధనలు చేసి, అక్కడి పౌరులను తమ మతంలో చేర్చుకోవడాన్ని వారికి నిషేధించింది. నేపాల్‌లో 2018 ఆగస్టు నుండి అమలులో ఉన్న నేర సంహిత ప్రకారం, ఇతరుల మతం మార్పించినవారికి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. విదేశీయుడైతే శిక్ష ముగిసిన ఏడు రోజులలోపు దేశం నుండి పంపించివేస్తారు. సింగపూర్‌లో యెహోవాసాక్షుల నమోదు 1972లోనే రద్దయింది. రష్యా సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో వారి సంస్థలను నిషేధించగా, మరుసటి నెలలో అరెస్టయిన డెన్మార్క్ పౌరుడు డెన్నిస్ క్రిస్టెన్సెన్‌కు 2019లో ఆరేళ్ల జైలు శిక్ష విధించారు.

ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరున్న దేశంలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో ముందు స్థానిక సంఘ పెద్దలను అడిగి తెలుసుకోవాలి. వీసా షరతులను మాత్రం మీరే చదువుకోవాలి, ఎందుకంటే కొన్ని రకాల వీసాలు జీతం లేని స్వచ్ఛంద సేవకు కూడా హద్దులు పెడతాయి.

2. సంచి, దుస్తులు, వేళ

భుజానికి వేలాడే చిన్న సంచి, బైబిలు, ఒకే ఒక్క కరపత్రం నాలుగైదు ప్రతులు, నీళ్లసీసా, పెన్ను, గుర్తింపు పత్రం, నడవడానికి వీలైన బూట్లు ఉంటే చాలు. వీపు మీద పెద్ద సంచితో వెళ్లకూడదు, అది చూడగానే అమ్మకానికి వచ్చారని అనుకుంటారు. పది రకాల ప్రచురణలు మోసుకుని తిరిగేవారిని చూస్తుంటాను, ఇంటివారు ఎదురుగా నిలబడి ఉండగా ఏది ఇవ్వాలో తేలక సంచి తవ్వుకుంటూ ఉంటారు. సెలవు రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ముందు ఎవరి గంటా నొక్కకూడదు. రాత్రి పని చేసి వచ్చినవారు ఏ వీధిలోనైనా ఉంటారు.

3. జతను సరిగ్గా కుదుర్చుకోండి

లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. ముగ్గురు వెళ్తే అది గుంపవుతుంది. కొత్త దేశంలో గుంపుగా గుమ్మం ముందు నిలబడితే ఎవరూ తలుపు తీయరు. జతలో ఒకరికి స్థానిక భాష ధారాళంగా రావాలి, రెండోవారు నేర్చుకుంటున్నవారై ఉండాలి. నేర్చుకుంటున్నవారే ముందు మాట్లాడాలి. బాగా వచ్చినవారు మౌనంగా నిలబడి, అవతలివారు చెప్పింది అర్థం కానప్పుడు, అదీ పక్కవారు తమవైపు చూసినప్పుడు మాత్రమే అందుకోవాలి. చాలా జతలు దీనిని తలకిందులు చేస్తాయి: భాష వచ్చినవారే రోజంతా మాట్లాడతారు, నేర్చుకోవలసినవారు సంచి మోస్తారు.

ఇద్దరు తెలుగువారు జతగా వెళ్లడం నాకు సమ్మతం కాదు. వెళ్లవలసి వస్తే గుమ్మం ముందు తమలో తాము తెలుగులో ఒక్క మాట కూడా మాట్లాడుకోకూడదు. తమకు తెలియని భాషలో ఇద్దరు అపరిచితులు గుసగుసలాడుకుంటూ ఉంటే, "తర్వాత ఏ వచనం చదువుదాం?" అని అడుగుతున్నారని ఇంటివారికి ఎలా తెలుస్తుంది?

4. తలుపు తెరుచుకున్న మొదటి నిమిషం

గంట ఒక్కసారే నొక్కాలి. నొక్కిన వెంటనే రెండడుగులు వెనక్కి వచ్చి, తలుపుకున్న కన్నంలోంచి చూసేవారికి ఇద్దరూ పూర్తిగా కనబడేలా పక్కపక్కన నిలబడాలి. ఒకరు గోడ చాటున ఉంటే ఆ రెండో మనిషి ఎవరన్న అనుమానం లోపలివారికి పట్టుకుంటుంది. చేతులు జేబుల్లో ఉండకూడదు, కళ్లు ఫోను మీద ఉండకూడదు. గొలుసు తీయకుండా సందులోంచి చూస్తే, దానిని తీయమన్నట్టు ముందుకు వంగకండి. గొలుసు అలాగే ఉన్నా మాట్లాడుకోవచ్చు.

తలుపు తెరిచినవారి మనసులో ఆ క్షణాన ఉండేది దేవుణ్ణి గురించిన ప్రశ్న కాదు. వీరెవరు, దారి తప్పారా, ఏదైనా అమ్ముతారా, చందా అడుగుతారా, ఆపదలో ఉన్నారా అన్నదే వారి ఆలోచన. ఉచ్చారణ వినగానే మీరు పరాయి దేశస్థులని తెలిసిపోతుంది కాబట్టి, స్థానిక ప్రచారకుల విషయంలో కంటే మీ విషయంలో ఈ అనుమానం ఎక్కువగానే ఉంటుంది. అందుచేత మొదటి ఊపిరిలోనే దానిని తీర్చాలి: నమస్కారం చెప్పి, మీ పేరు చెప్పి, యెహోవాసాక్షులమని చెప్పి, బైబిలు నుండి ఒక విషయం పంచుకోవడానికి వచ్చామని, డబ్బు అడగమని, రెండు నిమిషాలు వీలవుతుందా అని అడగాలి. వీటన్నిటినీ స్థానిక భాషలో, అద్దం ముందు కాకుండా ఆ భాష మాట్లాడే మనిషి ముందు, ముందు రోజే సాధన చేసి ఉండాలి. "మేము ఒక చిన్న సర్వే చేస్తున్నాము" అని మొదలుపెట్టేవారిని నేను సహించలేను. అది అబద్ధం, ఇంటివారు దానిని అర నిమిషంలో పసిగడతారు, ఆ తరువాత మీరు చదివే వచనం ఎంత గొప్పదైనా వారికి చేరదు.

ఈ నిజాయితీకి చట్టంలోనూ విలువ ఉంది. గ్రీసులో మత ప్రచారం చేశాడన్న ఆరోపణపై మినోస్ కొక్కినాకిస్ అనే యెహోవాసాక్షిని 60 సార్లకు పైగా అరెస్టు చేశారు. ఆయన కేసులో 1993 మే 25న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆయనకు అనుకూలంగా తీర్పు ఇస్తూనే, విశ్వాసాన్ని గురించి సాక్ష్యమివ్వడం వేరు, ఒత్తిడితో, ప్రలోభంతో మనుషులను లాగడం వేరు అని గీత గీసింది. గుమ్మం ముందు మీరు ఆ గీతకు ఇవతలే ఉండాలి.

అనుమతి దొరికితే, ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న పొట్టిగా ఉండాలి, దానికి వచ్చే జవాబు మీ భాషా జ్ఞానానికి అందేదిగా ఉండాలి. "లోకంలో ఇన్ని బాధలు ఎందుకున్నాయని మీరు అనుకుంటున్నారు?" అని బట్టీపట్టిన వాక్యాన్ని అప్పజెప్పడం తేలికే, దానికి ఎదుటివారు మూడు నిమిషాలు జవాబు చెబితే అందులో మీకు ఎంత అర్థమవుతుంది? "మీరు ఎప్పుడైనా బైబిలు చదివారా?" అన్న ప్రశ్న ఎంత సాదాగా కనిపించినా, కొత్తగా భాష నేర్చుకుంటున్నవారికి దానిని మించినది లేదు.

అడిగిన తరువాత నోరు మూసుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది. రాని భాషలో నిశ్శబ్దం భయపెడుతుంది కాబట్టి, ఎదుటివారు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మనవారు రెండో ప్రశ్న వేస్తారు, లేదా తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పి వచనం తెరుస్తారు. ఇంటివారు మాట్లాడే అవకాశం పోతుంది, ఆ పైన జరిగేదంతా పాఠం అప్పజెప్పడమే. మనసులో పది వరకు లెక్కపెట్టుకోండి. అంతసేపూ వారి ముఖం చూస్తూ ఉండండి, నేల చూపులు వద్దు.

జవాబు వచ్చాక రెండో గోతి ఎదురవుతుంది. అర్థం కాకపోయినా చిరునవ్వుతో తల ఊపడం విదేశంలో పరిచర్య చేసేవారికి అలవాటైపోయిన రోగం. ఎదుటి స్త్రీ తన భర్త పోయిన నెలే చనిపోయాడని చెబుతూ ఉండవచ్చు. మీరు సంతోషంగా "అవునండీ, అవునండీ" అంటూ ఉంటారు. ఆమె ఇక ఆ ఇంటి తలుపును ఏ సాక్షికీ తెరవకపోతే తప్పు ఎవరిది? అర్థం కానప్పుడు, "క్షమించండి, మీ భాష ఇంకా నేర్చుకుంటున్నాను, కొంచెం నెమ్మదిగా మళ్లీ చెబుతారా?" అని అడగాలి. ఈ వాక్యాన్ని ఏ వచనం కంటే ముందుగానైనా కంఠస్థం చేయాలి. దీనివల్ల చిన్నబోయేది ఏమీ ఉండదు. పైగా తమ భాష నేర్చుకోవడానికి కష్టపడుతున్న పరాయివారి పట్ల మనుషులకు సహజంగానే ఓపిక పుడుతుంది. అప్పటికీ అందకపోతే జతలోని రెండోవారి వైపు చూడండి. ఫోను తీసి దాని ముందు మాట్లాడమనడం మొదటి నిమిషంలో పనికిరాదు. అనువాదం చేసే యాప్‌లు పనికొచ్చేవే, కానీ ఆ మనిషి మీతో మరికొంతసేపు మాట్లాడాలని తానే కోరుకున్న తరువాత వాటిని బయటకు తీయాలి. తలుపు తీయగానే వీడియో చూపించే పద్ధతి కూడా నాకు నచ్చదు. వీడియో నడుస్తున్నంతసేపూ ఇంటివారు చూసేది తెరను, మిమ్మల్ని కాదు. అది ముగిశాక మీరు మళ్లీ మొదటి నుండి పరిచయం చేసుకోవలసి వస్తుంది.

ఇక కాదనడం గురించి. మర్యాదస్తులు సూటిగా వద్దని అనరు. "ఇప్పుడు పని ఉంది", "మరోసారి చూద్దాం" అంటారు, గడియారం చూస్తారు, తలుపు రెక్కను అంగుళం ముందుకు తోస్తారు. కొత్త భాషలో ఉన్నవారు మాటలను పట్టుకుని ఈ రెక్క కదలడాన్ని గమనించరు, "మరోసారి" అన్నారు కాబట్టి ఏ రోజు రమ్మంటారని అడుగుతారు. రెక్క కదిలిందంటే వద్దన్నట్టే. ధన్యవాదాలు చెప్పి, గేటు ఎలా ఉందో అలాగే వేసి బయటకు రావాలి. ప్రచారకులు రాకూడదని తలుపు మీద బోర్డు ఉంటే గంట నొక్కనే కూడదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్ట్రాటన్ అనే గ్రామం ముందస్తు అనుమతి లేకుండా ఇంటింటికీ వెళ్లకూడదని నిబంధన పెడితే, 2002లో ఆ దేశ సుప్రీంకోర్టు 8–1 ఆధిక్యంతో దానిని కొట్టివేసింది. కానీ అదే తీర్పులో, బోర్డు పెట్టుకునే హక్కు, మాట్లాడటానికి నిరాకరించే హక్కు ఇంటివారికి ఉన్నాయని కూడా చెప్పింది. మొదటి సగాన్ని చెప్పుకుని మురిసిపోయేవారు రెండో సగాన్ని మరిచిపోతుంటారు.

తలుపు తీసినది చిన్నపిల్లలైతే పెద్దవారిని పిలవమని మాత్రమే అడగాలి, పెద్దవారు లేకపోతే కరపత్రం కూడా ఇవ్వకుండా వచ్చేయాలి.

5. వివరాలు రాసుకునేటప్పుడు

ఆసక్తి చూపినవారి పేరు, చిరునామా, మాట్లాడుకున్న విషయం రాసుకోవడం మనకు పాత అలవాటు. ఐరోపాలో ఉన్నవారు ఇక్కడ జాగ్రత్త పడాలి. ఫిన్లాండ్ నుండి వచ్చిన కేసులో, ఇంటింటి పరిచర్యలో ప్రచారకులు రాసుకునే వివరాలకు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తిస్తుందని, ఆ బాధ్యతలో సంఘానికి కూడా భాగం ఉంటుందని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2018 జూలై 10న తీర్పు చెప్పింది. అందుకని, "మళ్లీ రావడానికి మీ పేరు, చిరునామా రాసుకోవచ్చా?" అని అడిగి, ఒప్పుకుంటేనే, వారి కళ్లెదుటే రాయాలి. మలుపు తిరిగాక గోడకు ఆనుకుని గుర్తున్నదంతా రాసేయడం చట్టం లేని దేశంలోనైనా సభ్యత కాదు. మతం, ఆరోగ్యం, కుటుంబ కలహాల గురించి వారు నమ్మి చెప్పిన మాటలను ఎక్కడా రాయకండి.

6. మధ్యాహ్నం

రెండున్నర గంటలు నడిచాక భాష మొద్దుబారుతుంది, క్రియాపదాలు నోటికి రావు. అక్కడితో ఇంటింటి పని ఆపి, ఎక్కడైనా కూర్చుని తిని, విశ్రాంతి తీసుకోండి. గంటలు నింపుకోవాలని ఈడ్చడానికి ఇప్పుడు కారణం కూడా లేదు: 2023 నవంబరు నుండి ప్రచారకులు పరిచర్యలో గడిపిన గంటలు లెక్కపెట్టి సంఘానికి నివేదించనవసరం లేదు. ఏడాదికి 600 గంటల లక్ష్యం ఉన్న క్రమ పయినీర్లు, అంటే పరిచర్యకు ఎక్కువ సమయం కేటాయించే ప్రచారకులు సైతం అలసిన నాలుకతో ఆ గంటలు పూర్తి చేయడం ఎవరికీ మేలు కాదు.

కొందరు మధ్యాహ్నం ప్రచురణల బండి పక్కన నిలబడతారు. 2011లో న్యూయార్క్‌లో మొదలైన ఈ పద్ధతి పెద్ద రైల్వే స్టేషన్ల దగ్గర బాగానే ఉంటుంది, కానీ భాష నేర్చుకునేవారికి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా రెండు గంటలు నిలబడి ఇంటికి వెళ్లవచ్చు. దానికంటే సాయంత్రం ఒక్క పునర్దర్శనానికి, అంటే ముందు ఆసక్తి చూపినవారిని మళ్లీ కలవడానికి, వెళ్లడం మేలు, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఎరిగినవారు, మీ తప్పులను దిద్దేవారు ఉంటారు.

7. సాయంత్రం

ఏ ఇళ్లలో మనుషులు లేరో, ఎవరు ఇక రావద్దని స్పష్టంగా చెప్పారో క్షేత్రాలు, అంటే ఎవరు ఏ వీధులకు వెళ్లాలో, చూసుకునే సహోదరుడికి ఆ రోజే తెలియజేయండి. వారం తరువాత చెబితే ఈలోగా మరో జత అదే గంట నొక్కుతుంది. మళ్లీ వస్తామని ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే ఆ రోజు, ఆ వేళ ఇప్పుడే రాసిపెట్టుకోండి. మీ పని వేళలు మారి వెళ్లలేకపోతే, మీ జతలోని రెండోవారు మరొకరిని వెంటబెట్టుకుని, మీరు చెప్పిన సమయానికే వెళ్లాలి.