20 గంటలు బస్సులో కూర్చోవాల్సి వస్తే

బొలీవియాలో లా పాజ్ నుంచి ఉయుని వెళ్ళే రాత్రి బస్సు ఎక్కినప్పుడు నా స్వెట్టర్ డిక్కీలో పెట్టిన పెద్ద బ్యాగ్‌లో ఉండిపోయింది. ఎక్కేటప్పుడు అంత చలి అనిపించలేదు, అందుకే పట్టించుకోలేదు. ఆ దారంతా సముద్ర మట్టానికి 3,600 మీటర్లకి పైనే ఉంటుంది, బస్సులో హీటర్ లేదు. అర్ధరాత్రి దాటేసరికి కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పట్టింది, గోటితో గీస్తే తెల్లగా పొడి రాలింది. నేను వణకడం కాసేపు చూసిన పక్క సీటు పెద్దావిడ ఏమీ అనకుండా తన దుప్పటి సగం లాగి నా మోకాళ్ళ మీద కప్పింది. ఆమెకి నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు, తెల్లారేదాకా అలాగే కూర్చున్నాం.

అప్పటి నుంచి నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. బస్సు కదిలాక మన చేతుల్లో ఉండేది చాలా తక్కువ, ఆ రాత్రి ఎలా గడుస్తుందో టికెట్ కొనేటప్పుడు, చిన్న బ్యాగ్ సర్దుకునేటప్పుడే సగానికి పైగా తేలిపోతుంది.

టికెట్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి, సీట్ల పటం చూపించమని అడగండి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో ఉండే సీట్లలో కుదుపు తక్కువ. వెనక చక్రాల మీద, ఆ వెనక వరసలో కూర్చుంటే ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, పైగా చాలా బస్సుల్లో ఆఖరి వరస సీట్లు వెనక్కి వాలవు. టాయిలెట్ పక్క సీటు ఎంత చౌకగా ఇచ్చినా వద్దు, గంటలు గడిచేకొద్దీ ఆ వాసన, తెరిచి మూసే తలుపు చప్పుడు రెండూ నిద్ర పట్టనివ్వవు. అర్జెంటీనాలో అయితే టికెట్ మీద సెమీ కామా, కామా అని రాసి ఉంటుంది. మొదటిది సగం వాలే సీటు, రెండోది ఇంకా వెడల్పుగా ఉండి బాగా వాలేది. రాత్రంతా ప్రయాణం అనుకుంటే రెండోదానికే డబ్బు పెట్టమంటాను, మర్నాడు రోజంతా గదిలో పడుకుని పోగొట్టుకునే బదులు అదే నయం. వియత్నాం స్లీపర్ బస్సుల్లో మూడు వరసల్లో పైనా కిందా బెర్తులుంటాయి, చెప్పులు తలుపు దగ్గరే విప్పి కవర్లో పెట్టుకోవాలి, కాళ్ళు పెట్టుకునే చోటు ముందువాళ్ళ వీపు కింద చిన్న డబ్బాలా ఉంటుంది కాబట్టి పొడుగువాళ్ళు పూర్తిగా చాపుకోలేరు. కింది బెర్తు అడగండి, ఊపు తక్కువ. లావోస్‌లో కొన్ని స్లీపర్ బస్సుల్లో ఒక్కో బెర్తు ఇద్దరికి ఇస్తారు, ఒంటరిగా వెళ్తే ఎవరో తెలియని మనిషి పక్కన పడుకోవాల్సి వస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ళు ఈ సంగతి కొనేటప్పుడే అడిగి తేల్చుకోవాలి, ఎక్కాక అడిగితే మార్చడానికి ఖాళీ ఉండదు.

ఇక కాళ్ళ దగ్గర పెట్టుకునే చిన్న బ్యాగ్. బయట ఎంత ఎండ కాస్తున్నా అందులో స్వెట్టరో జాకెట్టో, సాక్సులు, ఒక పల్చటి శాలువా ఉండాల్సిందే, ఎందుకంటే థాయ్‌లాండ్, మలేషియా లాంటి వేడి దేశాల్లోనే రాత్రి బస్సుల్లో ఏసీ ఎముకలు కొరికేస్తుంది. నీళ్ళు, తేలికపాటి తిండి, టిష్యూలు, టాయిలెట్ కోసం ఆ దేశపు చిల్లర, పవర్ బ్యాంక్, కళ్ళకి కట్టుకునే మాస్క్ కూడా. ఫోమ్ ఇయర్ ప్లగ్స్ మాత్రం రెండు జతలు పెట్టుకోండి, ఒకటి ఎలాగూ సీటు కిందకి దొర్లిపోతుంది. చాలామంది వాటిని ఊరికే చెవిలోకి తోసి పనిచేయట్లేదంటారు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని కొంచెం పైకి లాగి, లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అలాగే పట్టుకోవాలి. అప్పుడు డ్రైవర్ పెట్టే పాటలు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి.

వాంతుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, దీనివల్లే చాలామంది బస్సు పేరు చెబితేనే భయపడతారు. బస్సు మలుపు తిరుగుతోందని లోపలి చెవికి తెలుస్తుంది, కళ్ళు మాత్రం కదలని ఫోన్ తెరని చూస్తుంటాయి, ఈ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. కాబట్టి ఘాట్ రోడ్డు మొదలవగానే ఫోన్ లోపల పెట్టేసి, దూరంగా కనిపించే కొండ అంచునో రోడ్డునో చూడండి, చీకటైతే కళ్ళు మూసుకుని తల సీటుకి ఆనించండి. డైమెన్‌హైడ్రినేట్ లాంటి మాత్ర మీకు పడుతుందో లేదో ముందే డాక్టర్ని అడిగి, బస్సు కదలడానికి అర గంట నుంచి గంట ముందు వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. దానితో మద్యం తాగకూడదు. ఖాళీ కడుపుతో ఎక్కడం కూడా పొరపాటే, నూనె లేనిది కొంచెం తినండి. లావోస్‌లో వాంగ్ వియెంగ్, లువాంగ్ ప్రబాంగ్ మధ్య కొండ దారి మలుపులకి గట్టివాళ్ళే డీలా పడిపోతారు, అక్కడ 2021 డిసెంబర్ నుంచి రైలు నడుస్తోంది. అలాంటి వీలున్న చోట పట్టుదలకి పోకుండా రైలెక్కేయండి.

బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందన్న టెన్షన్‌తో నీళ్ళు మానేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. తలనొప్పి, మలబద్ధకం, మర్నాటి నీరసం అన్నీ అక్కడి నుంచే. ఒకేసారి కాకుండా గంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి. బస్సు ఆగిన ప్రతిసారీ, అవసరం అనిపించకపోయినా, దిగి వెళ్ళిరండి. దిగేముందు బస్సు నంబర్ ప్లేటు ఫోటో తీసుకోండి, రాత్రి రెండింటికి ఒకే రంగు బస్సులు నాలుగు వరసగా నిలబడి ఉంటే ఏది మనదో తెలియక గుండె ఆగినంత పనవుతుంది. పెరూ, బొలీవియా బస్సుల్లో టాయిలెట్ ఉన్నా మూత్రానికి మాత్రమే అంటారు, అది కూడా గుర్తుంచుకోండి.

కాళ్ళ సంగతి అలసటతో పోయేది కాదు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన నివేదికలో ఉంది, విమానానికే కాదు బస్సుకీ కారుకీ కూడా అది వర్తిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అసలు ముప్పు చాలా తక్కువే, అయినా మడమలు ఎత్తి దించడం, పాదాలు గుండ్రంగా తిప్పడం గంటకోసారి చేయండి. నిద్ర మాత్రలు నేను వద్దనే చెబుతాను, మొద్దు నిద్రలో కాళ్ళూ కదలవు, బ్యాగ్ ఎవరు తీసినా తెలియదు. ప్రయాణం తర్వాత ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఎత్తయిన ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. పెరూలో లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది, కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో. ఆ రెంటి మధ్య 20 గంటలు దాటే బస్సు 4,000 మీటర్ల పైకి కూడా ఎక్కి దిగుతుంది, తల పగిలిపోతున్నట్టు ఉందని అక్కడ చాలామంది అంటారు. రోజులు చేతిలో ఉంటే దాదాపు 2,300 మీటర్ల ఎత్తున్న అరెకిపాలో రెండు మూడు రోజులు ఆగి, ఎత్తుకి ఒళ్ళు కొంత అలవాటు పడ్డాక వెళ్ళండి.

పాస్‌పోర్టు, డబ్బు, కార్డులు ఒంటి మీదే, బట్టల లోపల. పైన సామాను అరలో విలువైనదేదీ పెట్టకండి, కాళ్ళ దగ్గర బ్యాగ్ పట్టీని తొడ చుట్టూ ఒక చుట్టు వేసుకుని పడుకోండి. సరిహద్దు దగ్గర అందర్నీ దించితే, మళ్ళీ వస్తాం కదా అని చిన్న బ్యాగ్ సీట్లో వదలొద్దు.

దిగాల్సిన ఊరి మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకుని ఉంచుకుంటే చీకట్లో కూడా ఎక్కడున్నారో తెలుస్తుంది. బస్సులు చెప్పిన టైమ్‌కి ముందే చేరడం కూడా మామూలే, ఆరింటికి అన్నది నాలుగింటికే దించేస్తుంది. అప్పుడు కొత్త ఊళ్ళో వీధులు పట్టుకుని తిరగకుండా స్టేషన్‌లో వెలుతురున్న చోట, కుటుంబాలు కూర్చున్న వైపు కూర్చోండి. దానికంటే ముందు డిక్కీలోంచి పెద్ద బ్యాగ్ మీ చేతికి వచ్చేదాకా డిక్కీ తలుపు దగ్గర నుంచి కదలొద్దు, ఆ బ్యాగ్‌కి ఇచ్చిన టోకెన్ చేతిలోనే ఉంచుకోండి.