డ్రగ్ కోర్టు నుంచి తొలగించాక శిక్షపై అప్పీలు

అమెరికాలో డ్రగ్ కోర్టు (మత్తుమందుల కేసుల్లో జైలుకు బదులు చికిత్స చేయించే కోర్టు) చికిత్స పూర్తిచేయక శిక్ష పడితే ముందు చూడాల్సింది క్యాలెండర్. నోటీస్ ఆఫ్ అప్పీల్‌కు, అంటే అప్పీలు చేస్తున్నామని తెలిపే కాగితానికి, గడువు న్యూయార్క్, ఫ్లోరిడాల్లో 30 రోజులు, కాలిఫోర్నియా ఫెలనీ (తీవ్ర నేరాల) కేసుల్లో 60, ఫెడరల్ కోర్టులో 14 రోజులే. దాన్ని పై కోర్టుకు కాదు, శిక్ష వేసిన కోర్టు క్లర్కుకే ఇవ్వాలి.

తర్వాత, నేరం ఒప్పుకున్నప్పటి ఒప్పందం తీసి చదవండి. అప్పీలు హక్కు వదులుకున్నట్టు అందులో తరచూ ఉంటుంది. అయినా చట్టం అనుమతించని శిక్షను ప్రశ్నించే దారి సాధారణంగా మూసుకుపోదు.

శిక్ష ఎక్కువైందన్న ఒక్క వాదనతో గెలవడం కష్టం. తొలగించే ముందు నోటీసు ఇచ్చారా, విచారణ జరిపారా, లాయరు పక్కన ఉన్నారా? బలమంతా అక్కడే. అందుకే తొలగించిన రోజు ట్రాన్స్‌క్రిప్టు (కోర్టులో అన్న మాటల రాతప్రతి) తెప్పించండి, మూత్ర పరీక్షల రిపోర్టులు రికార్డుకెక్కాయో లేదో చూడండి. రికార్డులో లేని కాగితాన్ని అప్పీలు కోర్టు మామూలుగా పట్టించుకోదు.