బల్ల మీది చిన్న ఓవెన్‌లో పలాస జీడిపప్పు బిస్కెట్లు: స్విచ్ వేసే ముందు

శ్రీకాకుళం నుంచి అమెరికా వెళ్లే పిల్లలు ఇక్కడి ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) మోసుకెళ్లొద్దు. మనది 230 వోల్టులు, అక్కడ 120. ఆ కరెంటుకి మన ఓటీజీ ఇచ్చే వేడి నాలుగో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. అక్కడే కొనుక్కోండి. అంతకుముందు గదిలో ఓవెన్ వాడనిస్తారో లేదో అడగండి.

అక్కడి 1500 వాట్ల ఓవెన్ పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే లైన్ మీద కెటిల్ కూడా పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ అసలు వద్దు, వేడెక్కుతుంది.

డయల్ మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి: 325 అంటే మన 163 డిగ్రీలు. చిన్న ఓవెన్ల డయల్‌ని అట్టే నమ్మకూడదు. లోపల థర్మామీటర్ పెట్టి, 325కి వచ్చేలా పావుగంట ముందే వేడి చేయండి.

పిండికి మైదా 100 గ్రాములు, వెన్న 60, పంచదార పొడి 40, జీడిపప్పు పొడి 40. పొడికి గుండు జీడిపప్పు దండగ, బద్దలు చాలు. మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే నూనె వదులుతుంది, బిస్కెట్లు ట్రేలో అప్పచ్చుల్లా పరుచుకుంటాయి. వెన్న మరీ కరిగినా అంతే. బిళ్లలు చేశాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ట్రేకీ పై రాడ్‌కీ మధ్య కనీసం రెండంగుళాలు ఉండాలి. బేకింగ్ పేపర్ అంచులు ట్రే దాటితే కత్తిరించేయండి, రాడ్‌కి తగిలితే అంటుకుంటుంది. మైనపు కాగితం పనికిరాదు.

మొత్తం 15 నుంచి 18 నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో ట్రే అటుదిటు తిప్పండి, వెనకవైపు ముందే మాడుతుంది. తీసేటప్పటికి మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపలికి తోయకండి, చల్లారాక గట్టిపడతాయి.