గుర్రాలతో దేవ్‌మాలి క్యాంపింగ్‌కి వెళ్ళేముందు ఇవి చూస్కోండి

చలికాలం వచ్చేస్తోంది, జయపురం, కోరాపుట్ మనోళ్ళలో ఎవరైనా గుర్రాలతో ఒడిశాలో 1,672 మీటర్ల దేవ్‌మాలి కొండ ఎక్కాలనుకుంటే కాస్త ఆగి చదవండి.

మేత సడన్‌గా మార్చొద్దు. ఇంటిదగ్గర తినే గడ్డి, దాణానే మూటకట్టి తీస్కెళ్ళండి, గుర్రానికి వాంతి చేస్కోవడం చేతకాదు కదా, కొత్త మేత పడక కడుపునొప్పి వచ్చిందంటే కొండమీదికి డాక్టర్ వచ్చేలోపే ప్రాణం పోవచ్చు, పాపం.

నీళ్ళెక్కడున్నాయో ముందే చూసి రండి. ఒక్కోదానికి రోజుకి 25-40 లీటర్లు కావాలి, అన్ని మోసుకెళ్ళలేం.

గన్నేరు దగ్గర కట్టొద్దు, కొంచెం ఆకు తిన్నా గుండె ఆగిపోతది.

రాత్రి తాడు ఎత్తుగా కట్టండి. కింద కట్టి పొడుగొదిలితే కాలు చిక్కుకుని బెదిరిపోద్ది.

జీను కింద చేత్తో తడమండి, చిన్న పుల్లున్నా వీపు పుండే.

అక్కడ క్యాంప్ వేయొచ్చా అని ఫారెస్ట్ వాళ్ళని ముందే అడగండి.