స్టీమ్ లైబ్రరీలోకి బయటి గేమ్‌లు ఎక్కించుడు

పీసీ గేమ్‌లు కొని ఆడే యాప్ స్టీమ్‌లో కింద ఎడమ మూలన ‘యాడ్ ఎ గేమ్’ నొక్కి, ‘యాడ్ ఎ నాన్-స్టీమ్ గేమ్’ తీసుకోండి. జాబితాలో గేమ్ లేకుంటే బ్రౌజ్ కొట్టి దాని ఈఎక్స్‌ఈ ఫైల్ (గేమ్‌ను తెరిచే ఫైల్) చూపించండి. జీఓజీ అనే మరో గేమ్ స్టోర్‌లో కొన్న గేమ్‌లకు ఇంతే పని.

తిప్పలంతా ఎపిక్ గేమ్స్ స్టోర్‌తోనే. అక్కడి కొన్ని గేమ్‌లు ఎపిక్ లాంచర్ (ఆ స్టోర్ సొంత యాప్) లేనిదే తెరుచుకోవు. ఆ గేమ్ డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లోని యూఆర్‌ఎల్ కాపీ చేయండి. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్‌లో ఎపిక్ లాంచర్ ఈఎక్స్‌ఈ, లాంచ్ ఆప్షన్స్‌లో ఆ యూఆర్‌ఎల్ పెట్టండి. గడియారం పక్కన ట్రేలో ఎపిక్ ముందే నడుస్తుంటే షిఫ్ట్, ట్యాబ్ ఎంత నొక్కినా ఓవర్‌లే (గేమ్ మీద తెరుచుకునే స్టీమ్ తెర) రాదు. ముందు దాన్ని ఎగ్జిట్ చేయాలి.

నల్గొండ, మిర్యాలగూడ నెట్ సెంటర్లలో సి డ్రైవ్ నిండితే గేమ్‌ను డి డ్రైవ్‌కు మారుస్తుంటారు. మార్చినంక టార్గెట్, ‘స్టార్ట్ ఇన్’ (గేమ్ ఉన్న ఫోల్డర్) రెండూ దిద్దాలి, లేకుంటే ప్లే నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. స్టీమ్ క్లౌడ్ సేవ్‌లు (ఆట ప్రగతిని నెట్‌లో దాచే సౌకర్యం) ఈ బయటి గేమ్‌లకు వర్తించవు.