రూటరుకు బ్యాటరీ: నేను చేసిన పొరపాటు, సరిదిద్దుకున్న తీరు

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోతుండడం చూడలేక, మూడు 18650 లిథియం సెల్స్‌ను (మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగల గుండ్రటి సెల్స్) వరుసగా కలిపి, వోల్టేజీ మార్చుకునే మాడ్యూల్ ఒకటి జోడించి, 12 వోల్టుల రూటరుకు బ్యాటరీ తయారు చేశాను. మొదట బాగానే పనిచేసింది కానీ, కొద్దిసేపటికే రూటరు పదే పదే ఆగి మళ్లీ మొదలవసాగింది. పిన్ను వదులైందనుకుని వైరు మార్చాను, ఫలితం లేదు.

చివరకు వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 10.8 వోల్టులే ఉన్నాయి. నిండా చార్జయిన సెల్ 4.2 వోల్టులిస్తుంది కనుక మూడూ కలిసి 12.6 అవుతాయి, వాడుతున్న కొద్దీ అది 9 వరకు పడిపోతుంది; నేను కొన్నదేమో వోల్టేజీని తగ్గించడమే తప్ప పెంచలేని బక్ మాడ్యూల్. అందుకే రూటరుకు కావలసిన 12 వోల్టులు అందలేదు. కొనేముందు ఈ ఒక్క మాట అడిగి ఉండవలసింది.

అందుచేత గవర్నర్‌పేటకు వెళ్లి, తగ్గించడం, పెంచడం రెండూ చేయగల బక్-బూస్ట్ మాడ్యూల్ తెచ్చాను. రూటరు తగిలించకముందే, మాడ్యూల్‌పై ఉన్న నీలిరంగు పెట్టె మీది, వోల్టేజీని మార్చే చిన్న ఇత్తడి స్క్రూను మీటరు చూస్తూ నెమ్మదిగా తిప్పి, సరిగ్గా 12.0 దగ్గర ఆపాను. సెల్స్ మరీ అడుగంటకుండా, పరిమితి మించి చార్జవకుండా మూడు సెల్స్‌కు సరిపడే రక్షణ బోర్డును కూడా అమర్చాను. ఇది లేకుండా లిథియం సెల్స్‌ను ఇంట్లో వాడడం ప్రమాదకరం. చార్జింగుకు పాత 12 వోల్టుల అడాప్టరు కాక, 12.6 వోల్టుల లిథియం చార్జరునే వాడుతున్నాను. మొన్న గంటసేపు కరెంటు పోయినా పరీక్ష ఆగలేదు.